గుండె మోడల్‌లో టీ తరంగం తలకిందులుగా వస్తోంది, తప్పు కోడ్‌దా నాదా?

#1 సున్నా_నుంచి
అందరికీ నమస్తే. ఇంజినీరింగ్ మూడో ఏడాది, జీవశాస్త్రం పదో తరగతితో వదిలేశాను. సెమిస్టర్ ప్రాజెక్టుకి గుండె విద్యుత్తు మీద చిన్న సిమ్యులేషన్ తీసుకున్నా. పైథాన్‌లో ఫిట్జ్‌హ్యూ–నగుమో మోడల్ రాశాను. జఠరిక గోడని ఒక తాడులా ఊహించి 100 కణాలు వరసగా పెట్టాను. ఎడమ చివర గోడ లోపలి వైపు (ఎండో), కుడి చివర బయటి వైపు (ఎపీ). ఎడమ చివర గిల్లితే అల కుడి వైపుకి చక్కగా పరిగెడుతోంది. కుడి చివర అవతల ఒక ఎలక్ట్రోడ్ ఉన్నట్టు లెక్కేసి ఈసీజీ గీశాను.

రెండు సమస్యలు. ఒకటి, క్యూఆర్ఎస్ (అల జఠరికలో పాకేటప్పటి కోసు గీత) పైకే వస్తోంది గానీ టీ తరంగం (ఆ తర్వాత జఠరిక విశ్రాంతికి దిగేటప్పటిది) కిందికి వస్తోంది. రెండు, ప్రతి బీట్ అయ్యాక వోల్టేజి విశ్రాంతి స్థాయి కంటే కిందికి జారి మెల్లగా పైకొస్తోంది. పుస్తకంలో జఠరిక కణం బొమ్మ అలా లేదు. గుర్తు ఎక్కడో తిరగబడిందేమోనని మూడు రాత్రులు వెతికాను. దొరకలేదు.

#2 అనుమానం_భయ్యా
మైనస్ పెట్టేయ్, టీ పైకొస్తుంది. 😄

#3 సున్నా_నుంచి
పెట్టి చూశా భయ్యా. క్యూఆర్ఎస్ కిందికి పోయింది.

#4 నాడి_పట్టు
కోడ్ నాకు రాదు, ఈసీజీలు చదవడమే నా పని. కానీ మొదటి ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది. మీ కోడ్ తప్పు కాదు బాబూ. మీరు కట్టిన గోడకి వచ్చే ఈసీజీ అదే.

అల ఎలక్ట్రోడ్ వైపుకి వస్తుంటే గీత పైకి లేస్తుంది. అందుకే క్యూఆర్ఎస్ పైకి. మీ కణాలన్నీ ఒకే అచ్చులో పోసినవి కాబట్టి ముందు లేచినది ముందే పడుకుంటుంది. అంటే రీపోలరైజేషన్ (కణం విశ్రాంతి వోల్టేజికి తిరిగి దిగడం) కూడా ఎడమ నుంచి కుడికే నడుస్తుంది. దిశ అదే, కానీ ఈసారి వోల్టేజి పెరగడం లేదు, పడిపోతోంది. కాబట్టి గీత కిందికి వెళ్తుంది.

నిజం గుండెలో చాలా లీడ్లలో (ఈసీజీ గుండెని చూసే కోణాల్లో) రెండూ ఒకే వైపు ఉంటాయి. నేను చదువుకునే రోజుల్లో ఇది నన్ను వారం రోజులు వేధించింది, లేవడం పడుకోవడం వ్యతిరేక పనులైతే గీతలు రెండూ పైకే ఎందుకని. జవాబు ఏమిటంటే, ఎపీ వైపు కణాలు ఆలస్యంగా లేచినా ముందే పడుకుంటాయి. వాటి యాక్షన్ పొటెన్షియల్ (ఒకసారి లేచి పడుకునేదాకా సాగే వోల్టేజి మార్పు) పొట్టిది. అందుకే రీపోలరైజేషన్ బయటి నుంచి లోపలికి నడుస్తుంది. దిశా తిరగబడింది, గుర్తూ తిరగబడింది, చివరికి గీత పైకే.

ఒక్క హెచ్చరిక. టీ తరంగం అంతా గోడ మందంలోని తేడా వల్లే అని రాయకండి. గుండె మొన నుంచి పీఠం వరకూ ఉండే తేడాల వాటా ఎంత, గోడ మధ్యలో ‘ఎం కణాలు’ ప్రాణమున్న గుండెలో నిజంగా లెక్కకొస్తాయా అన్నవి ఇంకా తెగని వాదనలు.

#5 అలలబడి
డాక్టర్ గారు మొదటిది తేల్చేశారు. రెండోది నేను చెప్తా, నా పరిశోధన ఇందులోనే.

ఫిట్జ్‌హ్యూ 1961లో ఈ సమీకరణాలు రాసింది గుండె కోసం కాదు, నాడి కోసం. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నాడి మీద కట్టిన నాలుగు చరరాశుల మోడల్‌ని రెండుకి కుదించాడాయన. నగుమో బృందం 1962లో దాన్నే టన్నెల్ డయోడ్‌తో సర్క్యూట్‌గా చేసి చూపించింది. నాడిలో బీట్ తర్వాత వోల్టేజి కాసేపు కిందికి జారడం మామూలే. నువ్వు నాడి మోడల్‌ని తెచ్చి గుండె అన్నావు. అది నాడిలాగే ప్రవర్తించింది. దాని తప్పేముంది?

సమీకరణంలో చూడు. వోల్టేజి ‘వి’ మారే వేగంలో కోలుకునే రాశి ‘డబ్ల్యూ’ ఒంటరిగా తీసివేతలో కూర్చుంది. వి విశ్రాంతికి దిగేసినా డబ్ల్యూ ఇంకా తగ్గలేదు, అందుకే కిందికి లాగుతూనే ఉంటుంది. 1996లో అలియెవ్, పాన్‌ఫిలోవ్ చేసిన పెద్ద మార్పు అక్కడే. ఒంటరి డబ్ల్యూ బదులు ‘వి ఇంటూ డబ్ల్యూ’ పెట్టారు. వి సున్నాకి చేరగానే లాగే బలమూ సున్నా. చిన్న గుణకారం, జారుడు మాయం.

#6 మౌనపాఠకి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. లెక్కలు రావు గానీ థ్రెడ్ వదలబుద్ధి కావట్లేదు. గుండెలో కరెంటు అంటే తీగలో పారినట్టు ఎస్ఏ నోడ్ (గుండె లయ మొదలయ్యే చోటు) నుంచి చివరిదాకా పారుతుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈ లేవడం పడుకోవడం ఏమిటి?

#7 అలలబడి
తీగలా కాదండీ. ఫ్లష్ ట్యాంకులు వరసగా పెట్టారనుకోండి. మీట కొంచెం నొక్కితే నాలుగు చుక్కలు పడి ఆగిపోతుంది. ఒక హద్దు దాటి నొక్కితే ట్యాంకు మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆగదు. ఆ పారే నీళ్లే పక్క ట్యాంకు మీటని నొక్కుతాయి. అలా అల ముందుకెళ్తుంది. నీళ్లు వరస మొత్తం ప్రయాణించవు, ప్రతి ట్యాంకూ తన నీళ్లే వదులుతుంది. అందుకే అల చివరిదాకా బలం తగ్గకుండా వెళ్తుంది.

ఖాళీ అయిన ట్యాంకుని వెంటనే నొక్కితే ఏమీ రాదు. సగం నిండాక నొక్కితే వస్తుంది, కానీ పొట్టిగా. ఈ మూడు గుణాలూ ఉంటే చాలు, గుండె లయల్లో సగం వింతలు పుడతాయి. చిన్న మోడళ్లు నమ్ముకున్నది దీన్నే.

#8 మౌనపాఠకి
ఇక జన్మలో ఫ్లష్‌ని మామూలుగా నొక్కలేను. థాంక్యూ.

#9 అనుమానం_భయ్యా
ట్యాంకులు బాగున్నాయి. అసలు ప్రశ్న అడగనివ్వండి. నిజం కణంలో సోడియం, కాల్షియం, రకరకాల పొటాషియం చానళ్లు (కణం పొరలో అయాన్లు పారే దారులు) ఉంటాయి. ఓ'హారా–రూడీ 2011 మోడల్‌లో చరరాశులు 41. మీరు రెంటితో గుండె అంటున్నారు. ఇది బొమ్మ కాదా? ల్యాప్‌టాప్ ఇప్పుడు 41ని కూడా అవలీలగా నడుపుతుంది కదా.

#10 పాతకాపు
సంఖ్యా పద్ధతులు పాఠం చెప్పి రిటైరయ్యాను. బొమ్మ అన్నారు కాబట్టి ఒక బొమ్మ కథ.

1928లో వాన్ డెర్ పోల్, వాన్ డెర్ మార్క్ గుండెని మూడు ఆసిలేటర్లతో కట్టారు. కంప్యూటర్ లేదు, నియాన్ దీపాల సర్క్యూట్లే. ఒకటి సైనస్ (ఎస్ఏ నోడ్), ఒకటి కర్ణిక, ఒకటి జఠరిక, మధ్యలో ఆలస్యం. కర్ణిక నుంచి జఠరికకి ఉన్న లంకెని బలహీనం చేస్తే కొన్ని బీట్లు రాలిపోయాయి. ఇంకా తగ్గిస్తే జఠరిక తన సొంత నెమ్మది లయకి దిగింది. డాక్టర్ గారు రోజూ కాగితం మీద చూసే హార్ట్ బ్లాక్ అదే. చానల్ అన్న మాట ఇంకా ఎవరికీ తెలియని రోజులవి.

1946లో వీనర్, రోజెన్‌బ్లూత్ ఇంకా మోటుగా చేశారు. కణం లేచిందా, కోలుకుంటోందా, సిద్ధంగా ఉందా, అంతే. దాంతోనే అడ్డంకి చుట్టూ అల తిరుగుతూ ఉండిపోగలదని చూపారు. 1964లో మో బృందం 992 షడ్భుజాల కణాల్ని కంప్యూటర్‌లో పరిచింది. కోలుకునే కాలం కణానికీ కణానికీ వేరుగా ఇచ్చేసరికి, ఒకసారి రగిలిన గందరగోళం దానంతటదే కొనసాగింది. కర్ణికల ఫిబ్రిలేషన్‌లో (క్రమం తప్పిన అదురులో) చాలా అలలు ఒకేసారి తిరుగుతాయన్న ఊహకి ఊతం దొరికింది అక్కడే.

ఈ ఇద్దరి మధ్యలో, 1962లో, డెనిస్ నోబుల్ హాడ్జ్‌కిన్–హక్స్‌లీ సమీకరణాల్ని పర్కింజే కణానికి (జఠరికల్లో సంకేతాన్ని వేగంగా మోసేది) మలిచాడు. పెద్ద మోడళ్ల దారి అక్కడ మొదలు. రెండు దారులూ అప్పటినుంచీ పక్కపక్కనే నడుస్తున్నాయి.

#11 అనుమానం_భయ్యా
చరిత్ర బాగుంది సార్, కానీ అప్పుడు వేరే గతి లేదు. ఇప్పుడుంది.

#12 అలలబడి
సరే, గతి ఉండీ చిన్నది ఎందుకు వాడతానో చూపిస్తా. 2003 నాటి మిచెల్–షేఫర్ మోడల్ తీసుకో. రెండే రాశులు, వోల్టేజి ‘వి’, గేటు ‘హెచ్’. హెచ్ అంటే ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయి అని. నాలుగు కాలాలు ఉంటాయి. లోపలికి పారే కాలం 0.3 మిల్లీసెకన్లు, బయటికి 6, గేటు తెరుచుకోడానికి 120, మూసుకోడానికి 150.

ఇందులో బీట్ ఎంతసేపు ఉంటుందో కాగితం మీదే వచ్చేస్తుంది. వి నిలబడాలంటే హెచ్ కనీసం 4 × 0.3 ÷ 6, అంటే 0.2 ఉండాలి. పూర్తిగా కోలుకున్న కణంలో హెచ్ 1 నుంచి 0.2కి దిగడానికి పట్టే సమయం 150 × లాగ్ 5 (సహజ లాగరిథమ్), అంటే 241 మిల్లీసెకన్లు. కోడ్ రన్ చేయకుండానే.

ఇప్పుడు విశ్రాంతి తగ్గించు. ముందు బీట్ అయ్యాక 300 మిల్లీసెకన్లు విశ్రాంతి ఇస్తే తర్వాతి బీట్ 231 ఉంటుంది. 120 ఇస్తే 189. 40 ఇస్తే 114. దీన్నే రెస్టిట్యూషన్ వక్రం అంటారు. 120 దగ్గర దాని వాలు దాదాపు 0.5. 40 దగ్గర 1.7.

వాలు 1 దాటితే కథ మారుతుంది. ఒక బీట్ కాస్త పొడుగైతే తర్వాతి విశ్రాంతి అంతే తగ్గుతుంది, దాంతో తర్వాతి బీట్ అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. ఆల్టర్నాన్స్. నొలాస్కో, డాలెన్ 1968లో దీన్ని గ్రాఫ్ మీద గీసి చూపారు. ఈ మోడల్‌లో వాలు సరిగ్గా 1 అయ్యేది 70 మిల్లీసెకన్ల విశ్రాంతి దగ్గర, అప్పటి బీట్ 153. రెండూ కలిపితే 223 చిల్లర. అంతకంటే వేగంగా గిల్లితే ఆల్టర్నాన్స్ వస్తుందని ముందే చెప్పగలను.

41 రాశుల మోడల్‌లోనూ ఆల్టర్నాన్స్ వస్తుంది. కానీ ఎందుకొచ్చిందో వెతకడానికి ఒక ఏడాది పడుతుంది. ఇక్కడ పెన్ను చాలు.

#13 నాడి_పట్టు
నిమిషానికి 268 అన్నమాట. ఆ వేగంలో మేం గ్రాఫ్ గీయం, డీఫిబ్రిలేటర్ కోసం పరిగెడతాం. 🙂 కానీ మీరు చెప్పిన మెలిక మాకు ఇంకోలా పరిచయమే. టీ తరంగం ఎత్తు బీట్ విడిచి బీట్ మారుతుంటే ప్రమాద సూచనగా చూస్తాం. ఒక అనుమానం, నిజం కండరంలో వాలు 1 దాటితే ప్రతిసారీ అలాగే అవుతుందా?

#14 అలలబడి
కాదు డాక్టర్ గారు. అది మోడల్ దాచిపెట్టే చోటు. నిజం కణానికి ఒక్క ముందు బీటే కాదు, అంతకు ముందువీ గుర్తుంటాయి. కాల్షియం తన లెక్క తను వేసుకుంటుంది, కొన్నిసార్లు ఆల్టర్నాన్స్ మొదలయ్యేదే అక్కడ. పక్క కణాల లాగుడు ఒకటి. కాబట్టి 1 అన్నది కొట్టొచ్చినట్టుండే గీత కాదు.

భయ్యా మాటలో ఒకటి ఒప్పుకోవాలి. ఫలానా మందు పొటాషియం చానల్‌ని ఆపితే ప్రమాదకరమైన లయ వస్తుందా అని అడిగితే నా రెండు రాశుల మోడల్ నోరు మూసుకుంటుంది. దానిలో ఆ చానలే లేదు. సీపా అనే అంతర్జాతీయ ప్రయత్నంలో మందుల ప్రమాదం అంచనాకి ఓ'హారా–రూడీని సవరించి వాడింది అందుకే.

#15 అనుమానం_భయ్యా
ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ ఎందుకు. ఒప్పుకున్నా, సగం.

#16 సున్నా_నుంచి
మీరు వాదించుకుంటుండగా మిచెల్–షేఫర్‌కి మారిపోయాను. కిందికి జారడం పోయింది! గోడ 1 సెంటీమీటరు అనుకుని విస్తరణ గుణకం (వోల్టేజి పక్క కణాలకి ఎంత తేలిగ్గా పాకుతుందో చెప్పే అంకె) సెంటీమీటరు స్క్వేర్ పర్ మిల్లీసెకనులో 0.001 పెట్టా. అల 29 మిల్లీసెకన్లలో చివరికి చేరింది. టీ ఇంకా కిందికే, అది తెలిసిందే కదా.

డాక్టర్ గారు చెప్పినట్టు ఎపీ సగంలో యాక్షన్ పొటెన్షియల్ పొట్టిగా చేశాను. గేటు మూసుకునే కాలం ఎడమ 50 కణాల్లో 165, కుడి 50 కణాల్లో 140. సూత్రం ప్రకారం బీట్ పొడవులు 266, 225. తేడా 40, ఆలస్యం 29 కంటే ఎక్కువే. పైకి రావాలి. కానీ టీ ముందు కిందికి దిగి తర్వాత పైకి లేస్తోంది. పైగా బొమ్మ నున్నగా వస్తుందని కణాలు 200 చేస్తే మొత్తం ‘నాన్’ (అంకె కానిది) అయిపోయింది.

#17 పాతకాపు
నాన్ సంగతి నాది. డీటీ (ఒక్కో అడుగులో ముందుకెళ్లే కాలం) ఎంత పెట్టావు?

#18 సున్నా_నుంచి
0.02 మిల్లీసెకన్లు సార్.

#19 పాతకాపు
ఆయిలర్ పద్ధతిలో ఒకే దిశ తాడుకి డీటీ హద్దు, డీఎక్స్ (పక్కపక్క కణాల మధ్య దూరం) వర్గాన్ని రెండింతల విస్తరణ గుణకంతో భాగిస్తే వచ్చేది. 100 కణాలకి డీఎక్స్ 0.01 సెంటీమీటరు, హద్దు 0.05. నీ 0.02 బతికింది. 200 కణాలకి డీఎక్స్ 0.005, హద్దు 0.0125కి పడింది. నీ 0.02 చచ్చింది. డీఎక్స్ సగం చేస్తే డీటీ నాలుగో వంతు చేయాలి. ప్రతి ఏడాదీ క్లాసులో ఒకరు ఈ గోతిలో పడేవారు, వాళ్లే తర్వాత ఎప్పటికీ మర్చిపోయేవారు కాదు.

రెండు దిశల పలక చేసేటప్పుడు హద్దులో రెండింతలకి బదులు నాలుగింతలు. గడి సగం చేస్తే బిందువులు నాలుగు రెట్లు, అడుగులు నాలుగు రెట్లు, పని 16 రెట్లు. అలాగని గడి పెద్దది చేయకు. అల ముఖం గడిలో ఇమడకపోతే వేగం తగ్గుతుంది, మరీ పెద్దదైతే అల మధ్యలో ఆగిపోతుంది. దాన్ని కండక్షన్ బ్లాక్ అని రిపోర్టులో రాసేసిన వాళ్లనీ చూశాను.

#20 నాడి_పట్టు
దిగి లేచే టీని మేం బైఫేజిక్ అంటాం. అది ఎందుకొచ్చిందో మీ అంకెల్లోనే ఉంది. నాలుగు చోట్ల ఎప్పుడు పడుకుందో రాసి చూడండి. లేచిన సమయానికి బీట్ పొడవు కలపడమే.

#21 సున్నా_నుంచి
రాశాను.
ఎండో చివర: 0 + 266 = 266
మధ్యలో, ఎడమ పక్క: 14 + 266 = 280
మధ్యలో, కుడి పక్క: 14 + 225 = 239
ఎపీ చివర: 29 + 225 = 254

ఓహో. కుడి సగం లోపల ఇంకా ఎడమ నుంచి కుడికే పడుకుంటోంది! 239 నుంచి 254 వరకూ.

#22 నాడి_పట్టు
అదే. పైగా ఆ సగమే ఎలక్ట్రోడ్‌కి దగ్గర. ముందు కిందికి లాగింది ఆ కణాలే. మధ్యలో గోడ కట్టినట్టు ఒక్కసారిగా మార్చారు మీరు, సగానికి ఇటు ఒక జాతి, అటు ఒక జాతి.

#23 అలలబడి
మెట్టు బదులు వాలు పెట్టు. 165 నుంచి మెల్లగా తగ్గుతూ ఎపీ చివర 140కి. అప్పుడు గోడ పొడుగునా రీపోలరైజేషన్ ఒకే దిశలో, కుడి నుంచి ఎడమకి వస్తుంది. ఇంకోటి, 40లోంచి 29 పోతే మిగిలేది 11 మిల్లీసెకన్లే. టీ చాలా పొట్టిగా వస్తుంది. కనిపించాలంటే చివర 125 దాకా దించు.

#24 మౌనపాఠకి
ఇంకో పిచ్చి ప్రశ్న. క్యూఆర్ఎస్‌కీ టీకీ మధ్య గీత చదునుగా ఎందుకుంటుంది? ఆ టైంలో గుండె ఖాళీగా కూర్చుంటుందా?

#25 అలలబడి
పిచ్చి ప్రశ్న కాదు, మంచి ప్రశ్న. ఖాళీగా కాదు, గోడ మొత్తం ఒకేసారి లేచి ఉంటుంది. పక్కపక్క కణాల మధ్య తేడా ఉంటేనే ఎలక్ట్రోడ్‌కి కనపడుతుంది. అందరూ ఒకే ఎత్తులో నిలబడితే ఎవరూ కనపడరు. అల వేగం సెకనుకి 60 సెంటీమీటర్లు, లేచి ఉండే కాలం 0.3 సెకను అనుకుంటే అల పొడవు 18 సెంటీమీటర్లు. గోడ మందం సెంటీమీటరు. అల తల అవతలికి పోయి చాలాసేపయ్యాకే తోక లోపలికొస్తుంది. అదే తాడు 40 సెంటీమీటర్లు పెడితే తల, తోక రెండూ లోపలే ఉంటాయి, గీత చదును కాదు. కొత్తవాళ్లు చాలామంది కొలతలు లేని మోడల్‌లో తాడు పొడవు ఇష్టమొచ్చినట్టు పెట్టి ఎస్‌టీ భాగం (ఆ చదును గీత) ఏదని వెతుక్కుంటారు.

#26 సున్నా_నుంచి
ఆ కొత్తవాళ్లలో నేనొకణ్ని, మొదటి వెర్షన్‌లో.

వాలు పెట్టాను, 165 నుంచి 125. బీట్ పొడవుల తేడా 64, ఆలస్యం పోగా 35 మిల్లీసెకన్లు. టీ పైకొచ్చింది. మధ్యలో గీత దాదాపు చదును. డీటీ 0.01కి దించితే 200 కణాలతోనూ అదే బొమ్మ. అర్ధరాత్రి రెండింటికి గట్టిగా అరిచా, పక్క గదివాళ్లు తలుపు కొట్టారు.

ఒక్కటే వెలితి. నా టీ సూదిలా సన్నగా ఉంది. నిజం టీ గుట్టలా వెడల్పుగా ఉంటుంది కదా.

#27 నాడి_పట్టు
మీది ఒక్క తాడు. గుండె అంతా కలిస్తే కొన్ని చోట్ల ముందు, కొన్ని చోట్ల వెనక పడుకుంటాయి. అవన్నీ కలిసి గుట్ట అవుతుంది.

#28 అలలబడి
అది ఒక కారణం. ఇంకోటి మోడల్‌దే. మిచెల్–షేఫర్‌లో వోల్టేజి చివర్లో గబుక్కున పడిపోతుంది, నిజం కణంలో ఆ దిగుడు నెమ్మది. బయటికి పారే కాలం 6ని పెంచి సరిచేద్దామని చూడకు. 0.2 లెక్కలో అదే ఉంది, బీట్ పొడవులన్నీ కదిలిపోతాయి. ఆకారమే కావాలంటే 2008 నాటి బ్యూనో–ఒరోవియో, చెర్రీ, ఫెంటన్ మోడల్ చూడు, మనిషి జఠరిక కోసం కట్టింది, నాలుగే రాశులు.

#29 అనుమానం_భయ్యా
చూశావా, రెండు చాలలేదు, నాలుగయ్యాయి. ఇంకో నెలలో 41కి వచ్చేస్తారు అందరూ.

#30 సున్నా_నుంచి
సబ్మిషన్ శుక్రవారం భయ్యా. సూదితోనే ఇస్తున్నా, ఎందుకు సూదో ఒక పేరా రాసి. అలలబడి అన్నా, సెలవుల్లో రెండు దిశల పలకలో తిరిగే అల పుట్టించాలని ఉంది. ఎక్కడ గిల్లాలి?

#31 అలలబడి
ముందు ఎడమ అంచు మొత్తం గిల్లి ఒక నిలువు అల పంపు. దాని తోక పలక మధ్యకి వచ్చాక కింది సగాన్ని మాత్రమే గిల్లు. కొత్త అలకి ముందు వైపు ఇంకా కోలుకోని కణాలు అడ్డం, వెనక వైపు ఖాళీ. తెగిన కొస చుట్టుకుంటుంది. టైమింగ్ కుదరడానికి పది ఇరవై సార్లు పడుతుంది. పలక చిన్నదైతే తిరిగే చోటు చాలక అంచుకి కొట్టుకుని ఆరిపోతుంది, అప్పుడు కోడ్‌లో మైనస్ కోసం మూడు రాత్రులు వెతకొద్దు. కొత్త థ్రెడ్ పెట్టు.